తెనాలి తాత నేర్పిన జపాను మాటలు

రొయ్యంటే నోరూరేవాళ్ళకి తెలిసింది మూకుట్లో వేగే రొయ్య. నేను చెప్పేది షెడ్డులో వలిచే రొయ్య సంగతి. మా అమ్మా నేనూ రేపల్లె అవతల ఒక కంపెనీ షెడ్డులో రొయ్యలు వలిచేవాళ్ళం. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టాను కాబట్టి చేపల వాసన నాకు కొత్త కాదు. మా నాన్న వల తెచ్చి గుమ్మం ముందు ఆరేస్తే దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నదాన్ని. కానీ షెడ్డు కంపు వేరు. పొద్దున తీసిన తలకాయలు మధ్యాహ్నానికి ఒక మూల గుట్టపడి, ఆ రేకుల వేడికి ఉడికినట్టయి, వాటిలోంచి కారే రసం మా పాదాల మీదుగా తూములోకి పోయేది. ఆ నీళ్ళలోనే నిలబడాలి. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళు తెల్లగా ఉబ్బి, నానబెట్టిన పప్పు పొట్టులా తోలు లేచి వచ్చేది. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోటల్లా చీము పట్టేది. మళ్ళీ ఆ చేత్తోనే అన్నం కలుపుకోవాలి.

చింతపండు పెట్టి తోమాను, బూడిద పెట్టి తోమాను, కిరసనాయిలు కూడా పోసుకున్నాను. కిరసనాయిలు కంపు పోయింది గానీ రొయ్య కంపు పోలేదు. రేపల్లెలో రైలెక్కి కూర్చుంటే పక్కనున్న ఆవిడ పిల్లాణ్ణి ఈ ఒడిలోంచి ఆ ఒడిలోకి మార్చుకునేది. మొహం మీద ఏమీ అనరు. కొంగు మాత్రం ముక్కు మీదకి పోతుంది. నేను నవ్వేసి తలుపు దగ్గర నిలబడేదాన్ని. అక్కడ గాలికి నా చెయ్యి నా మొహం దగ్గరకొస్తే, కొంగు కప్పుకున్న ఆవిడది తప్పేం కాదనిపించేది.

నేను అయిదో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదవగలను, ఉత్తరం రాయగలను. చదువు అంతే గానీ నోరు మాత్రం ఊరుకోదు. ఒకసారి విన్న గొంతు మళ్ళీ నా నోట్లోంచి అచ్చం అలాగే వస్తుంది. ఐసు లారీ డ్రైవరు ఎలా దగ్గుతాడో, మేనేజరు గారు ఫోనులో యజమానితో ఎలా మెత్తబడి మాట్లాడతారో చేసి చూపిస్తుంటే షెడ్డంతా నవ్వేది. ఒకసారి మేనేజరు గారు వెనక నిలబడి ఉండగానే ఆయన గొంతే చేశాను. పని పోయిందనుకున్నాను. పోలేదు. పైగా కొన్నాళ్ళకి ఆయనే పిలిచారు.

సంగతి ఏంటంటే, మన రొయ్యలు కొనే జపాను వాళ్ళకి మన వలుపు నచ్చడం లేదట. తోక విరిచేస్తున్నామట, నల్ల నరం సగంలో తెంపేస్తున్నామట. ఒక ఆడమనిషిని మూడు నెలలు వాళ్ళ దేశం తీసుకెళ్ళి పని నేర్పి పంపుతారట. తిరిగొచ్చాక ఆవిడ షెడ్డుకి మేస్త్రి. నీళ్ళలో నిలబడక్కర్లేదు, ఐసు ముట్టుకోనక్కర్లేదు, కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళకి చెప్పడమే. ఎవర్ని ఏ బల్ల దగ్గర పెట్టాలో కూడా మేస్త్రిదే మాట. మేనేజరు గారు ఇంకా ఏవేవో చెప్పారు, విమానం గురించి, చలికోటు గురించి. నాకవేవీ ఎక్కలేదు. మా అమ్మని నీళ్ళలోంచి తీసి ప్యాకింగు దగ్గర పొడి బల్ల మీద కూర్చోబెట్టొచ్చు. నా చేతులు నావి అవుతాయి. నా చెవికి ఆ రెండే వినిపించాయి.

వానాకాలం లోపు జపాను నుంచి ఒక పెద్దమనిషి బాపట్ల వస్తాడు, తీసుకెళ్ళే మనిషిని ఆయనే చూసి ఖాయం చేస్తాడు అన్నారు. ఇద్దర్ని అనుకున్నారు. నేనూ, బాపట్ల నుంచి వచ్చి పనిచేసే ఒక అక్కా. ఆ అక్క నాకంటే పెద్దది, లూథరన్ వాళ్ళు, నెమ్మదస్తురాలు. ఆమె వలిచిన రొయ్య పెళ్ళికూతురులా ఉంటుందనేవాళ్ళు. మూగదానిలా వెళ్ళి నిలబడితే బాగోదు, ప్రయాణంలో పనికొచ్చే జపాను మాటలు నాలుగు నేర్చుకోండి అని, మేనేజరు గారే మాస్టార్ని కూడా చూపించారు. తెనాలిలో ఆయనకి బాబాయి వరస అయ్యే పెద్దాయన ఉన్నాడట. రంగూనులో ఉన్నప్పుడు జపాను వాళ్ళ కింద పని చేశాడట. పాఠం ఆదివారాలు. అక్క ఆ మాట వినగానే ఆదివారం గుడి మానుకుని రాలేనండి అనేసింది. ఇక జపాను మాటలకి నేనొక్కదాన్నే మిగిలాను. పోటీ సగం గెలిచేసినట్టే అనుకున్నాను.

మొదటి ఆదివారం అమ్మ తలంటిపోసి, ఇంత సంపెంగనూనె రాసి పంపింది. తెనాలిలో కాలవ దాటాక ఒక సందులో ఆ ఇల్లు. సందు మొదట్లో సోడాబండి వాణ్ణి అడిగితే, జపాను మాస్టారా, అని నవ్వి చూపించాడు. రంగూన్ వెళ్ళొచ్చిన వాళ్ళంటే మా వైపు పెద్ద గౌరవం కదా. వాళ్ళకి తెలియని దేశం లేదు, తినని తిండి లేదు అనుకుంటాం. నేను ఏదో టోపీ పెట్టుకున్న పెద్దమనిషిని ఊహించుకుని వెళ్ళాను.

అరుగు మీద నులక మంచం. మంచం మీద ఎముకలూ, గళ్ళ లుంగీ. మంచం కింద పాలపొడి డబ్బా ఒకటి, సగానికి పైగా నిండి ఉంది. దాంట్లో ఆయన ఉమ్మేవాడు. చుట్ట నములుతూ ఉమ్మేవాడు, దగ్గి ఉమ్మేవాడు, మాటకీ మాటకీ మధ్య ఉమ్మేవాడు. పైన తెట్టు కట్టి ఈగలు వాలి ఉండేవి. మనిషి కాలు కదిలినప్పుడల్లా ఆ డబ్బా కూడా కాస్త కదిలేది. నా కళ్ళు అక్కణ్ణుంచి పక్కకి వచ్చేవి కావు. కంపులో పుట్టి కంపులో పెరిగిన నాకే డోకొచ్చింది. ఆయన భార్య, మెత్తటి మనిషి, నా మొహం చూసి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టింది. ఆ గ్లాసు కూడా ముట్టుకోబుద్ధి కాలేదు.

కూర్చోబోతే, "కూర్చుని నేర్చుకునే చదువు కాదమ్మడూ ఇది. దిగి నిలబడు," అన్నాడు.

అరుగు కింద ఎండలో నిలబెట్టాడు. కాళ్ళు దగ్గరగా, చేతులు తొడలకి ఆనించి, గెడ్డం పైకి. అలా నిలబడమనడానికి ఒక మాట ఉంది, కియోస్కే. తర్వాత నడుము దగ్గర్నుంచి వంగాలి, మెడ వంచకూడదు. దానికి కేరే. మళ్ళీ నిటారుగా లేవాలంటే నావోరే. ఆ మాట వినబడేదాకా లేవకూడదు. మొదటి ఆదివారమంతా ఇదే. వంగు, ఉండు, లే. ఎండకి కళ్ళు తిరుగుతుంటే జపాను మర్యాద ఇంత కష్టమా అనుకున్నాను. మన దగ్గరైతే ఒక దండం పెట్టి, బాగున్నారాండి అంటే అయిపోయేది.

తర్వాత అంకెలు. ఇచి, ని, సాన్, షి. అవి నాకు గబగబా వచ్చేశాయి. షెడ్డులో రొయ్యలు లెక్కపెడుతూ చెప్పేదాన్ని, నాతోపాటు మా బల్ల వాళ్ళంతా పాటలా నేర్చేసుకున్నారు. తర్వాత మిజు, అంటే నీళ్ళు. బ్యోకి, అంటే ఒంట్లో బాలేదు. యసుమే, అంటే కాస్సేపు ఆగడం. హయాకు, అంటే తొందరగా. అమ్మకి ఇంటికొచ్చి అప్పజెప్పేదాన్ని. అమ్మకి అండి తగిలించకపోతే ఏ మాటా మర్యాదగా అనిపించదు. "పెద్దవాళ్ళని ఒట్టి మిజు అని అడుగుతావటే. మిజు అండీ అను," అని దిద్దేది. ఇంట్లో కొన్నాళ్ళు మిజు అండీ, బ్యోకి అండీ అనే నడిచింది.

ఒక మాట మాత్రం తాత నాతో పలికించలేదు. బగేరో. ఇది నువ్వు అనేది కాదు, వినేది, వినబడిన వెంటనే కళ్ళు దించుకుని నిలబడాలి, చేతులు అడ్డం పెట్టకూడదు అన్నాడు. అడ్డం పెడితే ఏమవుతుంది తాతా అని అడిగాను. ఇంకోటి పడుతుంది అన్నాడు. ఇంకోటి ఏంటో ఆయన చెప్పలేదు, నేనూ తెలివితక్కువదాన్నిలా తలూపాను.

ఇలా ఆదివారాలు గడుస్తుంటే నాకు సందేహం మొదలైంది. ప్రయాణం మాటలు నేర్చుకోమన్నారు కదా. స్టేషన్ ఎక్కడ, ఇది ఎంత, అన్నం ఉందా, ఉప్పు తక్కువైంది, మీ పిల్లలెంతమంది, ఇలాంటివి ఎప్పుడొస్తాయి? అదే అడిగాను. తాత నిజంగానే వెతుక్కున్నాడు, కళ్ళు మూసుకుని. ఆఖరికి అన్నాడు.

"స్టేషన్ ఎక్కడని అడగాల్సిన పని లేదమ్మడూ. బండిలో ఎక్కించేదీ వాళ్ళే, దింపేదీ వాళ్ళే. ఎంత అని అడగడానికి అక్కడ కొట్టు లేదు. అన్నం ఉందా అని అడిగితే ఉన్నది కూడా పోద్ది. నీకు కావాల్సినవన్నీ నేను చెప్పాను. నీళ్ళు, జబ్బు, ఆగడం. ఈ మూడూ సరైన వేళకి సరైన వాణ్ణి అడగడం వస్తే బతుకుతావు."

అప్పుడు అర్థమైంది నాకు. తాత రంగూనులో బియ్యం మిల్లులో మూటలు మోసే మనిషి. యుద్ధం వచ్చినప్పుడు నడిచి ఇండియా రాగలిగిన వాళ్ళు వచ్చారు, ఈయన రాలేకపోయాడు. జపాను సిపాయిలు పట్టుకుని రైలుకట్ట వెయ్యడానికి అడవిలోకి తీసుకెళ్ళారు. ఈయన జపాను భాషంతా ఆ కట్ట మీద నేర్చుకున్నదే. నంబరు చెప్పడం, వంగడం, నీళ్ళడగడం. పైగా ఇదంతా ఆయన నాకు బాధగా చెప్పలేదు. మనకి తెలిసిన దారి పక్కవాళ్ళకి చెప్పినట్టు, ఫలానా చోట బురదుంటుంది చూసుకో అన్నట్టు చెప్పాడు. పురుగులున్న అన్నం కళ్ళు మూసుకు తినాలట, పురుగులు ఏరుకుంటే అన్నం మిగలదట. కలరా వచ్చిన వాళ్ళ పాకలోకి వెళ్ళమంటే గుడ్డ తడిపి మూతికి కట్టుకోవాలట. లుంగీ పైకి లాగి ఎడమ కాలు చూపించాడు. మోకాలి కింద కండ లేదు. ఎముక మీద ఊదారంగు తోలు, నున్నగా, మెరుస్తూ, సొరకాయ గుంట పడ్డట్టు. అక్కడ పుండు పడితే పదును పెట్టిన చెంచాతో గీకారట. "గీకేటప్పుడు అరవకూడదు," అన్నాడు. "అరిచే ఓపికుంటే పని కూడా చెయ్యగలడు అనుకుంటారు."

నేను సందు చివరకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఆ కాలికా, డబ్బాకా, ఆదివారాలన్నీ ఎండలో నిలబడి ముచ్చటగా అప్పజెప్పిన మాటలకా, దేనికో తెలీదు. సోడాబండి వాడు సోడా కొట్టి ఇచ్చాడు.

రైల్లో కూర్చున్నంతసేపూ మేనేజరు గారికి తెలియదేమో, చెప్తే వేరే మాస్టార్ని చూస్తారు అనుకున్నాను. మర్నాడు షెడ్డులో ఆయన గది దగ్గరికి వెళ్ళి, తాతగారు నేర్పేవి ప్రయాణం మాటలు కాదండి, ఖైదీల మాటలండి అని చెప్పాను. ఆయన ఫ్యాను కింద కూర్చుని కాఫీ తాగుతున్నారు. నవ్వారు.

"నాకు తెలీక పంపాననుకున్నావా? నీకు ఇంతకంటే ఏం కావాలి? నిలబడమంటే నిలబడాలి, తొందరగా అంటే తొందరగా చెయ్యాలి. అక్కడైనా ఇక్కడైనా నీ పనంతేగా," అన్నారు.

చెప్పేశాక కాఫీ మీద మీగడ వేలితో తీసి గోడకి రాశారు. గోడ మీద అంతకుముందువి ఎండిపోయి చాలా ఉన్నాయి. ఆ గోడ నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంటుంది.

అయినా వెళ్ళడం మానాలనుకోలేదు. అది కూడా చెప్పాలి. చీము పట్టిన వేలికి పసుపు పెట్టుకుంటూ, ఎలాంటి మాటలైతే నాకేంటి, మూడు నెలలేగా, తర్వాత కుర్చీ అనుకున్నాను. అమ్మకి విషయం చెప్పలేదు. అమ్మ కుడిచేతి బొటనవేలి గోరు అప్పటికే ఊడి, కొత్తది రాకుండా మెత్తటి మాంసం మిగిలింది. ఆ వేలితో అమ్మ రొయ్య నడుం పట్టుకునేది.

పెద్దమనిషి వచ్చాడు. బాపట్లలో కంపెనీ వాళ్ళు ఒక బంగళా తీసుకుని, బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, పూలు పెట్టారు. నన్నూ అక్కనీ పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళి కడిగిన చీరలు కట్టించారు. వచ్చినాయన పొట్టిగా, నున్నగా, తెనాలి తాత వయసుకి కొంచెం తక్కువగా ఉన్నాడు. చూడగానే నవ్వాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి మద్రాసు నుంచి ఒకాయన కూడా వచ్చాడు. తొట్టిలో ఐసు, ఐసులో రొయ్యలు. ముందు మా వలుపు చూశారు. అక్క వలిచిన రొయ్య పట్టుకుని ఆయన అటూ ఇటూ తిప్పి, జేబులోంచి చిన్న సీసా తీసి, నల్లగా ఏదో దాని మీద పోసుకుని పచ్చిదే నోట్లో వేసుకున్నాడు. నమిలి కళ్ళు మూసుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. కిటికీలోంచి గాలికి దూరంగా ఆరేసిన ఎండుచేపల వాసన రాగానే ఆయన కూడా రుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. అది చూశాక కొంచెం సర్దుకున్నాను. ఎవరి రోత వాళ్ళకుంటుంది.

అప్పుడు మేనేజరు గారు, ఈ పిల్ల మీ భాష నేర్చుకుందండి, వినండి అన్నారు. నేను ముందుకొచ్చి కాళ్ళు దగ్గర పెట్టి, చేతులు ఆనించి, నడుం దగ్గర్నుంచి వంగి లేచాను. ఇచి, ని, సాన్, షి అన్నాను, తాత నేర్పినట్టు గెడ్డం ఎత్తి, గట్టిగా.

ఆయన ముక్కు దగ్గరి రుమాలు కింద పెట్టేశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. సిగ్గుపడతాడేమో అని కూడా ఒక మూల అనుకున్నాను. రెండూ కాదు. మొహమంతా విప్పారింది. పెళ్ళిలో చిన్నప్పటి స్నేహితుడు కనిపించినవాడిలా లేచి నిలబడ్డాడు. ఛాతీ విరుచుకుని, అంతవరకూ ఉన్న మెత్తటి గొంతు కాకుండా ఇంకేదో గొంతుతో, పొట్టలోంచి, కియోస్కే అన్నాడు.

నేను ఆలోచించలేదు. నా కాళ్ళు దగ్గరకొచ్చేశాయి.

కేరే అన్నాడు. వంగాను.

తర్వాత మాట రాలేదు. నేను వంగే ఉన్నాను. వాళ్ళు నవ్వుతున్నారు, మేనేజరు గారు చప్పట్లు కొడుతున్నారు, మద్రాసు ఆయన ఏదో అంటున్నాడు. నాకు కనిపించేది ఆయన బూట్లు, బూటు మీద పడ్డ రొయ్య పొట్టు ముక్క. లేవొచ్చని నాకు తెలుసు. ఎవరూ పట్టుకోలేదు. కానీ ఆ మాట వినబడకుండా నడుం లేవడం లేదు. అక్క వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది, అయినా లేవలేదు. ఆఖరికి ఆయన నవ్వు ఆపుకుని నావోరే అన్నాడు. లేచాను. నన్నే ఖాయం చేశారు. యుద్ధంలో కుర్రతనం గుర్తొచ్చిందట ఆయనకి, చాలా సంతోషించాడని మద్రాసు ఆయన చెప్పాడు. నా చేతిలో ఒక మిఠాయి పొట్లం పెట్టారు. బంగళా వెనక గుంటలో పారేశాను.

ఆ ఆదివారం తెనాలి వెళ్ళాను, తాతకి చెప్పాలి కదా. ఖాయమైందనగానే ఆయన భార్య బెల్లం ముక్క తెచ్చి నోట్లో పెట్టింది. తాత చాలా పొంగిపోయాడు. ఏం అడిగారు, నువ్వేం చెప్పావు, సరిగ్గా వంగావా అని ఒకటే ప్రశ్నలు. నేనూ ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఆ జపాను ఆయన ఎలా నవ్వాడో, ఎలా తిన్నాడో చేసి చూపించాను. తాత నవ్వాడు. అదే ఊపులో ఛాతీ విరిచి, ఆ పెద్దమనిషి గొంతుతో, అచ్చం అలాగే, కియోస్కే అన్నాను.

తాత మంచం మీంచి లేచి నిలబడ్డాడు. కర్ర లేకుండా. కాలు తగిలి కింద డబ్బా బోర్లా పడి, ఉన్నదంతా అరుగు మీదుగా కారి నా పాదాల మీద పడింది. గోరువెచ్చగా, జిగటగా. ఆయన చూడలేదు. ఆయన కళ్ళు నా మీద లేవు, నా వెనక ఎక్కడో ఉన్నాయి. చేతులు తొడలకి ఆనించి ఉన్నాయి. నేను రెండో మాట అననే లేదు. ఆయనంతట ఆయనే వంగాడు.

తాతా కూర్చో అన్నాను. వినలేదు. తాతా నేనే, ఊరికే అన్నాను అన్నాను. ఆయన భార్య వచ్చి రెక్క పట్టుకుంది. చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాడు, ఆ కండ లేని కాలు మాత్రం వణుకుతోంది. ఆవిడ నాకేసి చూసి, చాలా మామూలుగా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడు అన్నట్టు, "ఆ మాట కూడా నువ్వే అనాలమ్మా. అనకపోతే లేవరు," అంది.

అనడానికి నోరు తెరిస్తే నా గొంతు రాలేదు. మళ్ళీ ఆ పెద్దమనిషి గొంతే వచ్చింది. నావోరే అన్నాను. తాత లేచి, కూర్చుని, డబ్బా పడిపోయిందే అని నొచ్చుకున్నాడు.

బావి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. ఉమ్మి పోయింది. ఎన్ని చేదలు తోడినా నోట్లో ఆ గొంతు మాత్రం పోలేదు. నా నోరంటే నాకు ఎంతో గర్వంగా ఉండేది. ఆ రోజు మాత్రం ఎవరో నమిలి నా నోట్లో పెట్టినట్టయింది.

మర్నాడు మేనేజరు గారితో వెళ్ళనండి అని చెప్పాను. కారణం అడిగారు. నాకు వాళ్ళ తిండి పడదండి అన్నాను. నిజం చెప్పడానికి ఆయన అర్హుడు కాడనిపించింది. బుర్ర లేని జాతి అని, నీ జన్మకి కుర్చీ ఎందుకని చాలా అన్నారు. షెడ్డులోకి మళ్ళీ రావద్దన్నారు. అమ్మ ఆయనలా తిట్టలేదు. అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, గోరు లేని వేలు రెండో చేత్తో పట్టుకుని, "నీకొచ్చిన రోత ఏపాటిదే. నాకు రోజూ వస్తుంది," అంది.

నేను వేటపాలెం వెళ్ళి జీడిపప్పు కంపెనీలో చేరాను. అక్కడ కంపు లేదు గానీ జీడి పాలు తగిలి వేళ్ళు నల్లగా కాలి, పాము కుబుసంలా పొట్టు లేస్తాయి. ఒక రోత వదిలి ఇంకో రోత పట్టుకున్నాను, అంతే.

నా బదులు బాపట్ల అక్క వెళ్ళింది. ఒక్క జపాను మాట రాకుండా వెళ్ళింది. మూడు నెలలూ ఉండి వచ్చి మేస్త్రి అయింది. అడగకుండానే మా అమ్మని పొడి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నేను వేటపాలెం నుంచి వస్తూ బాపట్లలో దిగి ఆమె ఇంటికి వెళ్ళాను. ఎంత తెల్లబడిందో, చేతులు ఎంత మెత్తగా అయ్యాయో. అక్కడ ఎవరూ కసురుకోలేదట. రొయ్యలు వలిచే ఆడవాళ్ళు వయసుమళ్ళిన వాళ్ళు, ఈమెకి ఊలు మేజోళ్ళు అల్లి ఇచ్చారట, వేడినీళ్ళ తొట్టిలో స్నానం చేయించారట. పొద్దున లేస్తే ఒహాయో అనాలట. స్టేషన్ ఎక్కడ అంటే ఎకి వా దోకో. ఇది ఎంత అంటే ఇకురా. బాగుందంటే ఒయిషి. అక్క చెప్తుంటే నాకు కడుపు రగిలిపోయింది. అంత మంచి మనిషి మీద, మా అమ్మకి మేలు చేసిన మనిషి మీద ఆ కుళ్ళేంటని మళ్ళీ నా మీద నాకే అసహ్యం. అలా కుళ్ళుకుంటూనే ఆ మాటలన్నీ నేర్చేసుకున్నాను. నా నోరు సంగతి తెలిసిందే కదా.

ఆ వారమే తెనాలి వెళ్ళాను. తాత ఇంకా చిక్కిపోయాడు. ఈసారి నేను కింద నిలబడలేదు, అరుగు మీద మంచం పక్కన కూర్చున్నాను. స్టేషన్ ఎలా అడగాలో, ధర ఎలా అడగాలో తెలిసింది తాతా, ఇదిగో విను, అని అక్క గొంతుతో, మెల్లగా, ఒక్కొక్కటే చెప్పాను. అక్క గొంతైతే భయం ఉండదు కదా అని. తాత చుట్ట పక్కన పెట్టి, చెవి నా వైపు పెట్టి అన్నీ విన్నాడు. ఒకటి రెండు సార్లు మళ్ళీ చెప్పమన్నాడు. తర్వాత జాలిగా తల అడ్డంగా ఊపాడు.

"ఇవి జపాను మాటలు కావమ్మడూ. నేను అన్నేళ్ళున్నాను, ఒక్కడి నోట కూడా వినలేదు. పాపం ఆ పిల్లనెవరో మోసం చేశారు."

అని ఉమ్మి, కింద నేల చూపించి, లేచి నిలబడు, మళ్ళీ మొదట్నుంచి చెప్తాను అన్నాడు.

నేను లేవలేదు. ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని, రైలు వేళయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.